లారీ దిగిన గేదె నెమరు వేయట్లేదా?

ప్రశ్న: డాక్టర్ గారూ, హర్యానా నుంచి రెండు ముర్రా గేదెల్ని లారీలో తెప్పించుకున్నాం. దిగి రెండ్రోజులైంది. ఒకటి మేత సగమే తింటోంది, నెమరు వేయట్లేదు, పేడేమో నీళ్లలా పోతోంది, పాలు కూడా చేపట్లేదు. దిష్టి తగిలింది, నూనె పోయండి అంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: ముందు ఆ నూనె మాట పక్కన పెట్టండి. తల పైకెత్తి గొట్టంతో బలవంతంగా పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుంది, న్యుమోనియా వస్తే బతికించడం చాలా కష్టం, అలా పోయిన గేదెల్ని నేను చూశాను.

మీరు చెప్పినదాన్ని బట్టి ఇది ప్రయాణం స్ట్రెస్ లాగే ఉంది. రోజుల తరబడి లారీలో నిలబడి, కొత్త కొట్టం, కొత్త మనుషులు, భయపడదా మరి. భయపడితే మెదడులో సీఆర్‌ఎఫ్ అనే హార్మోన్ వస్తుంది, ఒంట్లో అడ్రినలిన్ పెరుగుతుంది, ఈ రెండూ కలిసి కడుపు కదలికని తగ్గించేస్తాయి, కానీ అదే సీఆర్‌ఎఫ్ పెద్దపేగుని మాత్రం తొందరపెడుతుంది. అందుకే ముందు నెమరు ఆగింది, వెనక పారుకుంటోంది. మేత మారడం కూడా దానికి తోడైంది. పాలు చేపకపోవడం కూడా అడ్రినలిన్ పనే, పొదుగు నిండా ఉన్నా దించనివ్వదు. 1890ల్లోనే అమెరికాలో వాల్టర్ కానన్ అనే శాస్త్రవేత్త పిల్లి కడుపుని ఎక్స్‌రేలో చూస్తుంటే అది బెదిరినప్పుడల్లా కదలిక ఆగిపోయేదట, నెమ్మదించాక మళ్లీ మొదలయ్యేదట.

మీరే చూసుకోవచ్చు. ఎడమ డొక్కలో, ఆఖరి పక్కటెముక వెనక పల్లంలో పిడికిలి గట్టిగా ఆనించి 2 నిమిషాలు ఉంచండి. బాగున్న గేదెకి 2 నుంచి 4 సార్లు లోపల్నించి అల లేచినట్టు పిడికిలిని బయటికి తోస్తుంది. రెండో గేదెకీ పెట్టి చూడండి, తేడా చేతికే తెలుస్తుంది.

నీడలో, సందడి లేని చోట కట్టేయండి, నీళ్లు ఎప్పుడూ ముందుండాలి, ఎండుగడ్డి బాగా వేయండి, దాణా ఇప్పుడే కుమ్మరించకండి, వారం పది రోజుల్లో కొంచెం కొంచెంగా పెంచండి. పాలు రోజూ ఒకరే పిండాలి, దూడ ఉంటే దగ్గరికి వదలండి. దయచేసి పాల ఇంజెక్షన్ మాత్రం మీ అంతట మీరు వేయకండి.

జ్వరం 103 దాటినా, గొంతు వాచినా, గురక పెట్టినా, ఎడమ డొక్క ఉబ్బినా, పేడలో నెత్తురు కనిపించినా, మేత పూర్తిగా మానేసినా తెల్లారేదాకా ఆగొద్దు, ఎందుకంటే స్ట్రెస్‌లో ఉన్న గేదెకి గొంతువాపు రోగం తొందరగా పట్టుకుంటుంది, అది గంటల్లో తీసుకుపోతుంది. వెంటనే 1962కి ఫోన్ చేయండి, పశువుల అంబులెన్స్ వస్తుంది.