టికెట్ వెనక రాసినంత మాత్రాన బాధ్యత తప్పదు

ప్రశ్న: మాది కావలి. రెండు నెలల క్రితం మా అమ్మాయి (19 ఏళ్లు) మేనమామ కుటుంబంతో చెన్నై శివార్లలోని ఒక వినోద పార్కుకు వెళ్లి, స్పిన్నింగ్ వైల్డ్ మౌస్ రోలర్ కోస్టర్ ఎక్కింది. ఒళ్లోకి దించే కడ్డీ వదులుగా ఉందని చెప్పినా ఆపరేటర్ కుర్రాడు పట్టించుకోలేదట. మలుపులో ఎగిరిపడి కుడి మణికట్టు విరిగింది. నెల్లూరులో ఆపరేషన్ చేసి ప్లేటు వేశారు. 'ప్రమాదాలకు యాజమాన్యం బాధ్యత వహించదు' అని టికెట్ వెనకే ఉందంటున్నారు పార్కువాళ్లు. పదివేలిస్తాం, సంతకం పెట్టండి అంటున్నారు. కేసు వేయొచ్చా? వేస్తే చెన్నై తిరగాలా?

జవాబు: ముందు ఆ కాగితం మీద సంతకం పెట్టకండమ్మా. 'ఇకపై ఏ క్లెయిమూ లేదు' అని రాసిచ్చాక దాన్ని కాదనిపించడం చాలా కష్టం. చెన్నై తిరగక్కర్లేదు.

'అమ్మాయి ఇష్టపడే ఎక్కింది కదా' అని అవతలి లాయరు తప్పకుండా అంటాడు. ఆ వాదన కొంతవరకు చెల్లుతుంది. ఈ రైడులో నలుగురు పట్టే చిన్న పెట్టెలుంటాయి. మొదట నేరుగా పోతాయి. మధ్యలో లాక్ వదలగానే, కూర్చున్నవాళ్ల బరువును బట్టి గిరగిరా తిరుగుతాయి. మలుపుల్లో పట్టా వాలుగా ఉండదు కాబట్టి పెట్టె బయటికి పడిపోతుందేమో అన్నంత కుదుపు వస్తుంది. ఆ కుదుపు కోసమే డబ్బిచ్చి ఎక్కుతారు. తల తిరిగిందనో భుజం కమిలిందనో మాత్రమే మీరు రాసి ఉంటే కేసు వద్దనే చెప్పేవాణ్ని. కానీ ఆ కుదుపుకి మనిషిని సీట్లోంచి లేవనీకుండా పట్టి ఉంచేది ఆ కడ్డీయే. బండి కదిలే ముందు ఒక్కో కడ్డీనీ చేత్తో లాగి చూడాల్సింది ఆపరేటరు. మీ అమ్మాయి నోరు తెరిచి చెప్పినా చూడలేదు. గిరగిరా తిరగడానికి ఆమె ఒప్పుకుంది గానీ వాళ్ల నిర్లక్ష్యానికి ఒప్పుకోలేదు. టికెట్ వెనక ఏం అచ్చు వేసుకున్నా ఈ తేడా చెరిగిపోదు.

వినియోగదారుల రక్షణ చట్టం-2019 కింద ఇది సేవాలోపం. సెక్షన్ 34 ప్రకారం మీరు నివసించే జిల్లాలోనే, అంటే నెల్లూరు జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు చేయొచ్చు. టికెట్ మేనమామ కొన్నా ఫర్వాలేదు, ఆయన సమ్మతితో ఆ సేవ పొందిన మనిషీ వినియోగదారే. అమ్మాయి మేజర్ కాబట్టి ఫిర్యాదు ఆమె పేరునే వేయాలి. ఫీజు లెక్కించేది మీరు అడిగే పరిహారాన్ని బట్టి కాదు, చెల్లించిన ధరను బట్టి. అది 5 లక్షల లోపుంటే ఫీజే లేదు. ఒక జాగ్రత్త: టికెట్ వెనక షరతు 'అన్యాయమైన ఒప్పందం' కాబట్టి రద్దు చేయండని అడిగితే విషయం రాష్ట్ర కమిషన్ పరిధిలోకి పోతుంది. నిర్లక్ష్యం, సేవాలోపం, పరిహారం వరకే రాయండి.

గడువు 2 ఏళ్లు. అలాగని ఆగొద్దు. సీసీ కెమెరా ఫుటేజీ చాలాచోట్ల కొన్ని వారాలకే చెరిగిపోతుంది, మీకు ఇప్పటికే రెండు నెలలైంది. ఆ రోజు ఫుటేజీ, రైడు తనిఖీ రిజిస్టరు, ఆపరేటరు డ్యూటీ వివరాలు భద్రపరచమని ఈ వారమే రిజిస్టర్ పోస్టులో నోటీసు పంపండి. ఇవ్వకపోతే తెప్పించమని కమిషన్‌ను కోరవచ్చు. టికెట్ థర్మల్ కాగితమైతే మన ఎండలకి అక్షరాలు వెలిసిపోతాయి, ఇవాళే జిరాక్స్ తీయించండి. పక్కన కూర్చున్నవాళ్ల అఫిడవిట్, ఎక్స్‌రేలు, డిశ్చార్జి సమ్మరీ కావాలి. చెయ్యి పూర్తిగా తిరగకపోతే మెడికల్ బోర్డు ధ్రువపత్రం తీసుకోండి. కుడి చెయ్యి కదా, పరీక్షలు రాయలేకపోయి ఉంటే కాలేజీ నుంచి ఆ మాట రాయించుకోండి.

ఆ సమయంలో ఆమె ఫోన్‌తో వీడియో తీస్తూ ఉంటే మీ లాయరుకి ముందే చెప్పండి. మీవైపు కొంత తప్పుందని తేలితే పరిహారం తగ్గొచ్చు గానీ కేసు నిలుస్తుంది. దాచింది తర్వాత బయటపడితే కడ్డీ గురించి చెప్పిన మాటా నమ్మరు.

ఎముక విరగడం చట్టం దృష్టిలో తీవ్రగాయం. భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 125(బి), యంత్రాల విషయంలో నిర్లక్ష్యానికి సెక్షన్ 289 వర్తిస్తాయి. కావలి స్టేషన్‌లోనే జీరో ఎఫ్ఐఆర్ నమోదు చేయించండి, అక్కడి పోలీసులకు వీళ్లే పంపుతారు. ఆపరేషన్ వల్ల ఆలస్యమైందని అందులో రాయండి. పరిహారం కేసుతో సరిపెట్టుకోకుండా ఇదీ చేయమని గట్టిగా చెబుతున్నాను, ఎందుకంటే ఆ కడ్డీ బాగుచేయకపోతే రేపు దానికింద ఇంకొకరి బిడ్డ కూర్చుంటుంది.