కరెంటు పోయాక మిగిలిన కథ

పర్లాకిమిడి

బాబూ,

నీ కథ అందింది. గుణుపురం బస్సు డ్రైవరు చేతికిచ్చి, కవరు మీద ‘లైబ్రరీ మేడమ్‌గారికి’ అని మాత్రం రాశావు. రిటైరై ఆరేళ్లయినా ఊళ్లో నా పేరు అదే కాబట్టి సరిగ్గానే చేరింది. జవాబు ఆలస్యమైందని బెంగపడ్డావేమో. నేనొక్కదాన్నే చదివి ఊరుకోలేదు, అందుకే ఆలస్యం.

నవంబరు 14 నుంచి 20 దాకా గ్రంథాలయ వారోత్సవాలు కదా. మా దగ్గర ఏటా ఒకటే తంతు: ఒక బ్యానరు, పిల్లలకు వ్యాసరచన పోటీ, అరటిపళ్లు. ఈసారి నేను పట్టుబట్టి ఒక సాయంత్రం తెలుగు కథలు పైకి చదివే కార్యక్రమం పెట్టించాను. 894.827 బీరువా తలుపు తీసేవాళ్లు తగ్గిపోయారు మరి. (లైబ్రరీ పుస్తకాలకి నంబర్లిచ్చే డ్యూయీ లెక్కలో తెలుగు సాహిత్యం నంబరు అది. మా ఇంటి నంబరైనా మర్చిపోతాను గానీ దాన్ని మర్చిపోను.) కథ మీద ఇష్టం తగ్గిందని కాదు. ఒడిశాలో ఉన్న మన సంగతి నీకు తెలిసిందే, ఇంట్లో తెలుగు, బళ్లో ఒడియా. మా పక్కింటి కోడలు తెలుగు గలగలా మాట్లాడుతుంది, పెళ్లి శుభలేఖ వస్తే మాత్రం చదివించుకోడానికి నా దగ్గరికి తెస్తుంది. అలాంటివాళ్లే పదిహేనుమంది దాకా వచ్చారు. రైసుమిల్లు గుమస్తా, పూలమ్మే ఆవిడ, ఇద్దరు టీచర్లు, మిగతావాళ్లు పిల్లలు.

నీ కథ మూడోది. నేనే చదివాను. మొదటి పేజీ అంతా వాన వర్ణన. పిల్లలు అరటిపళ్ల వైపు చూడడం మొదలుపెట్టారు. రెండో పేజీ అంతా కుర్రాడి మనోవేదన. గుమస్తా రెండుసార్లు వాచీ చూసుకున్నాడు. మూడో పేజీలో ముసలామె బియ్యం డబ్బా అడుగున గరిటెతో గీకుతూ, ఆ చప్పుడు కోడలికి వినపడకుండా కావాలని దగ్గుతుంది చూడు, సరిగ్గా అక్కడ కరెంటు పోయింది.

ఒక్కరూ లేవలేదు. ‘తర్వాతేటయింది?’ అని చీకట్లోంచి పూలమ్మే ఆవిడ గొంతు. నీ వాక్యాలు నాకు నోటికి రావు కదా, మిగతాది నా మాటల్లో చెప్పేశాను. లైటు వచ్చాక ఏం గుర్తుందని అడిగితే అందరూ ఆ దగ్గే చెప్పారు. వాన పడిందన్న సంగతి ఎవరికీ గుర్తులేదు.

కాబట్టి పత్రికకి పంపేముందు, తెలుగు చదవడం రాని తెలుగువాళ్లకి నీ కథ చదివి వినిపించు. మీ అమ్మగారికి వినిపించు. వాళ్లు ఎక్కడ పక్కకి చూస్తారో అక్కడ పెన్సిలుతో గీత పెట్టు. ‘బాగుంది’ అంటే మాత్రం నమ్మకు, మర్యాదకి అంటారు.

నా మొదటి కథని ఒక పత్రిక ‘సరిహద్దు యాస’ అని తిప్పి పంపింది. ఆ దెబ్బకి పదేళ్లు మా వీధిలో ఎవరూ మాట్లాడని తెలుగు రాశాను. అవన్నీ అచ్చయ్యాయి. ఇప్పుడు వాటిని నేనే చదవలేను.

గిడుగు రామమూర్తి పంతులుగారు ఈ ఊళ్లోనే మాస్టారుగా ఉంటూ, కొండల్లో ఉండే సవరల భాష నేర్చుకున్నారు. చూసి నేర్చుకోడానికి పుస్తకం లేదు. ఆ భాష తెలిసిన మనిషిని ఇంట్లో పెట్టుకుని, విని, రాసుకుని, చివరికి 1931లో దానికి వ్యాకరణం అచ్చు వేయించారు. వాడుక తెలుగు కోసం అంత పోట్లాడిన మనిషి వినడానికి ఎంత ఓపిక పట్టారో చూడు. 1936లో పర్లాకిమిడి ఒడిశాలో కలిసినప్పుడు ఆయన రాజమండ్రి వెళ్లిపోయారు. మన తాతలు ఉండిపోయారు.

ఏం చదవమంటారని అడిగావు. పెద్ద పేర్లు చెబుతానని ఎదురుచూస్తున్నావేమో! నేను కౌంటరు దగ్గర కూర్చుని ఎక్కువగా చదివింది డిటెక్టివ్ నవలలు, ఎవరికీ కనపడకుండా పాత క్యాలెండరు కాగితం అట్ట వేసుకుని. మధ్యాహ్నాలు జనం లేనప్పుడు బ్రౌన్ నిఘంటువు. 1852 నాటిది, ఇప్పటికీ ఏ పేజీ తీసినా గంట గడిచిపోతుంది.

అసలు చదువు మాత్రం తిరిగొచ్చిన పుస్తకాల్లో నేర్చుకున్నాను. పుస్తకం మూసి అంచు చూడు. జనం చదివినంత మేరా మాసి ఉంటుంది, ఆపేసిన చోటు నుంచి తెల్లగా ఉంటుంది. కొన్ని నవలలు చివరిదాకా నల్లబడతాయి. నా కథల సంపుటి నలభయ్యో పేజీ దాకా మాసింది. ఆ తెల్ల అంచు చూసినంత సిగ్గు నాకు ఏ విమర్శ చదివినా కలగలేదు.

నీ కథ బియ్యం డబ్బాతో మొదలుపెట్టి మళ్లీ రాయి. ఆ దగ్గు కోడలు విన్నదా లేదా అని పూలమ్మే ఆవిడ రోజూ అడుగుతోంది. నువ్వు రాయలేదు, నేనేం చెప్పను? సంక్రాంతి లోపల పంపు. ఈసారి కవరుకి ప్లాస్టిక్ చుట్టు, బస్సులో రెండో పేజీ మీద టీ ఒలికింది. నష్టమేమీ లేదులే.

ఆశీస్సులతో,
మీ లైబ్రరీ మేడమ్