ఆఫర్ చూసి వచ్చినవాళ్లు గొడవపడి వెళ్లిపోతుంటే...
అన్నా, మీ ఆషాఢం సేల్ ఫ్లెక్సీ ఫొటో చూశాను. '50 శాతం తగ్గింపు' ఆటో అంత ఉంది, 'ఎంపిక చేసిన చీరలపై మాత్రమే' అన్నది అడుగున చీమ తలకాయంత ఉంది. ఊళ్లోంచి బస్సెక్కి వచ్చినావిడకి ఆ రేటుకి నాలుగు రంగు వెలిసిన చీరలు చూపిస్తే ఒళ్లు మండదూ? సేల్స్ కుర్రాళ్లని తిట్టి లాభం లేదు.

ముందు ఆ ఫ్లెక్సీ దింపించండి. కొత్తదాంట్లో ఏ రకం చీరలు, పాత రేటెంత, ఇప్పుడెంత, ఏ తేదీ దాకా అన్నీ ఒకే సైజు అక్షరాల్లో వేయించండి. స్టాక్ తక్కువుంటే అదీ రాయండి. ముఖ్యంగా, పాత రేటు పెంచి రాసి, దానిమీద గీత కొట్టిన ట్యాగులు తీసేయండి. ఆడవాళ్లకి పక్క షాపు రేటు నోటికొచ్చు.

ఇది చట్టం మాట కూడా. 2022 జూన్‌లో కేంద్రం తెచ్చిన ప్రకటనల మార్గదర్శకాల ప్రకారం, సరిపడా సరుకు లేకుండా తక్కువ ధర ఎర చూపకూడదు. షరతు కూడా ఆఫర్ రాసిన భాషలోనే, అదే ఫాంట్‌లో ఉండాలి. తప్పుదోవ పట్టించే ప్రకటనకి మొదటిసారి 10 లక్షల దాకా జరిమానా వేయొచ్చు. కస్టమర్ జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తే చాలు, ఫిర్యాదు నమోదవుతుంది.

గొడవపడి వెళ్లినవాళ్ల నంబర్లు బిల్లు పుస్తకంలో ఉంటే మీరే ఫోన్ చేసి పిలవండి.