పక్క ఫ్లాటు అక్క మాట్లాడటం మానేసింది, ఇక యేసయ్య గురించి ఎలా చెప్పను?

ప్రశ్న: మేం హైదరాబాదులో కూకట్‌పల్లి వైపు ఒక అపార్ట్‌మెంట్‌లో ఉంటున్నాం. నాకు 34 ఏళ్ళు, ఇద్దరు పిల్లలు. పక్క ఫ్లాటు అక్కా నేనూ నాలుగేళ్ళుగా తోబుట్టువుల్లా ఉన్నాం. ఈ ఏడాది మా సంఘంలో ఒక్కొక్కరూ ఒక ఆత్మనైనా సంపాదించాలని, అంటే ఒకరినైనా యేసయ్య విశ్వాసంలోకి తేవాలని, తీర్మానించి, ప్రతి నెలా పేర్లు అడుగుతున్నారు. జూలైలో అక్క వాళ్ళ మామగారికి పక్షవాతం వచ్చి ఆసుపత్రిలో చేర్చారు. నేను వెళ్ళి "యేసయ్యను నమ్ముకోండి, లేచి నడుస్తారు" అన్నాను, కరపత్రాలూ ఇచ్చాను. ఆమె ఏమీ అనలేదు. వినాయక చవితికి పులిహోర, ఉండ్రాళ్ళు తెచ్చిస్తే "మేం విగ్రహాలకు పెట్టినవి తినం" అని గుమ్మంలోనే అనేశాను. అప్పట్నుంచి లిఫ్టులో ఎదురుపడినా పలకరించదు. మా ఆయన "పదిమంది మధ్య బతికేవాళ్ళం, ఇవన్నీ మానెయ్" అంటున్నారు. చెప్పకపోతే దేవుడికేం జవాబిస్తానని భయం. చెబితే ఇలా అవుతోంది. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, నాలుగేళ్ళుగా మీరు క్రైస్తవులని ఆవిడకు తెలుసు. తెలిసే పండగనాడు పళ్ళెం పట్టుకుని మీ గుమ్మానికి వచ్చింది. కాబట్టి యేసయ్య పేరు విని ఆమె దూరమైందని అనుకోకండి. ఇంటి పెద్ద మంచాన పడి కాళ్ళూ చేతులూ ఆడని సమయంలో మీ మాట ఆమెకు ఒక షరతులా వినిపించింది. ఆ గాయం మానకముందే, చేతిలో పళ్ళెంతో వెనక్కి వెళ్ళాల్సి వచ్చింది. ఈ రెండూ సరిదిద్దుకోగలిగినవే. సువార్త సంగతి ఆ తర్వాత చూద్దాం.

ముందు క్షమాపణ అడగండి. పిల్లలు బడికి, మగవాళ్ళు ఆఫీసుకి వెళ్ళాక, పదకొండు గంటలప్పుడు ఒక్కరే వెళ్ళండి. అత్తగారి ఎదుట వద్దు, ఫోన్లో మెసేజీ పెట్టనే వద్దు. చేతిలో పుస్తకం, కరపత్రం, కేకు ఏవీ తీసుకెళ్ళకండి. "అక్కా, మామగారు ఆసుపత్రిలో ఉన్నప్పుడు నేనలా అనకూడదు. చవితినాడు గుమ్మంలో నిలబెట్టి అలా మాట్లాడటం కూడా తప్పే. మిమ్మల్ని బాధపెట్టాను, క్షమించండి" అంటే చాలు. దాని వెనక "కానీ మా విశ్వాసం ప్రకారం..." అని ఏదీ చేర్చకండి, చేరిస్తే అది క్షమాపణ అనిపించుకోదు. మామగారికి ఇప్పుడెలా ఉందో అడగండి, చెబితే వినండి, ఐదు నిమిషాల్లో లేచి రండి. ఆవిడ ఆ రోజే కాఫీ ఇచ్చి కూర్చోబెట్టాలని ఆశించకండి.

ఆ తర్వాత రెండు మూడు నెలలు ఆమె అడిగితే తప్ప మతం మాట మీరు ఎత్తొద్దు. క్షమాపణ చెప్పిన వారానికే ప్రార్థన కూడికకు పిలిస్తే, ఆ క్షమాపణ కూడా ఎర అనుకుంటుంది, అలా అనుకోవడం న్యాయం కూడా. ఆ నెలల్లో చేయవలసిన పనులు వేరే ఉన్నాయి. పక్షవాతం వచ్చిన మనిషిని చూసుకోవడం నెలల తరబడి సాగే చాకిరీ. ఫిజియోథెరపీకి తీసుకెళ్ళాలి, మంచంలో పక్కకు తిప్పుతుండాలి, అన్నం మెత్తగా కలిపి తినిపించాలి. "ఏదైనా కావాలంటే చెప్పండి" అంటే ఎవరూ అడగరు. "రేపు మీ బాబును బస్సు దగ్గరికి మా వాడితో పాటు దింపుతాను" అనండి, అప్పుడు అందుకోవడం సులువు.

ప్రసాదం విషయంలో విశ్వాసులందరిదీ ఒకే మాట కాదు. మొదటి కొరింథీ 8, 10 అధ్యాయాలు చదివి, మీ మనస్సాక్షి ఏమంటుందో మీరూ మీవారూ కలిసి తేల్చుకోండి. తినకూడదనే అనిపిస్తే, ఆ మాట పండగకు చాలా ముందే, మామూలు కబుర్లలో చెప్పాలి: "అక్కా, మేం నైవేద్యం పెట్టినవి తీసుకోం, మీ మీద గౌరవం లేక కాదు. మామూలు రోజు మీరు చేసే పులిహోర మాత్రం నాకు పంపకుండా ఉండొద్దు." నైవేద్యం పెట్టకముందే కొంచెం తీసివ్వమని మాత్రం అడగకండి. దేవుడికి పెట్టకుండా ఇతరులకు తీయడం చాలా ఇళ్ళల్లో అపచారం. తీసుకుని చెత్తబుట్టలో వేయడం అన్నిటికన్నా చెడ్డది. పనమ్మాయి రెండిళ్ళల్లోనూ చేస్తుంటే సాయంత్రానికి ఆ కబురు చేరిపోతుంది. అలాగే క్రిస్మస్‌కి వాళ్ళకి ఏం పంపుతారో ఆలోచించండి. డిసెంబరు 16 ప్రాంతంలో ధనుర్మాసం మొదలవుతుంది, చాలామంది ఆ నెలంతా మాంసం, గుడ్డు ముట్టరు. బిర్యానీ పంపితే మీరు పళ్ళెం వెనక్కి పంపినట్టే వాళ్ళూ పంపాల్సి వస్తుంది. గుడ్డు లేని కేకో, అరిసెలో పంపండి.

ఇక సంభాషణ గురించి. సుఖారు బావి దగ్గర ప్రభువు సమరయ స్త్రీతో మాట కలిపింది దాహానికి నీళ్ళడిగి. మొదట ఆయనే ఆమె సాయం కోరాడు. మన ప్రసంగాల్లో ఆ వాక్యం మీద ఆగేది తక్కువ. ఎప్పుడూ ఇచ్చే చెయ్యిగానే ఉంటే పక్కవాళ్ళకు మనతో బరువుగా ఉంటుంది. మీకు తెలియని వంటో, పిల్లాడి లెక్కల ట్యూషన్ సంగతో ఆమెను అడగండి.

రోజువారీ మాటల్లో విశ్వాసం దానంతటదే వచ్చే చోట్లు ఉంటాయి. "ఆదివారం ఎక్కడికెళ్ళారు?" అని అడిగితే, "చర్చికి. క్షమించడం గురించి చెప్పారు, మా తోడికోడలి విషయంలో నాకు గట్టిగా తగిలింది" అని ఒక్క మాట చెప్పి ఆగండి. ఆ ఆగడం ముఖ్యం. ఆమె "ఏమైంది?" అంటే తలుపు తెరిచిందన్నట్టు, ఇంకాస్త చెప్పండి. కూరగాయల బండి వచ్చిందని లేస్తే మీరూ కూరగాయల మాటే మాట్లాడండి. సాధారణంగా పని చెడేది ఇక్కడే. ఒక ప్రశ్న రాగానే ఆదికాండం నుంచి ప్రకటన దాకా చెప్పేయాలనిపిస్తుంది. ఆమె అడిగింది చెంచాడు, మనం పోసేది బిందెడు. రెండోసారి ఆమె అడగదు. అడిగిన వాళ్ళకు జవాబివ్వడానికి సిద్ధంగా ఉండమని పేతురు రాశాడు, సాత్వికంతో, భయంతో ఇవ్వమని ఆ వచనంలోనే రాశాడు.

సిద్ధంగా ఉండటానికి మీ సాక్ష్యాన్ని కాగితం మీద పెట్టుకోండి. ఒక పేజీ దాటకూడదు, పైకి చదివితే రెండు నిమిషాలు పట్టాలి. అగ్రిప్ప ఎదుట పౌలు చెప్పిన వరుస అపొస్తలుల కార్యములు 26లో ఉంది: మునుపు ఎలా ఉన్నాను, ప్రభువు ఎలా ఎదురయ్యాడు, ఆ తర్వాత ఏం మారింది. మొదటి భాగం సాగదీయకండి. మూడో భాగంలో కష్టాలన్నీ తీరిపోయాయని చెప్పకండి, మీ ఈఎమ్‌ఐలూ మీ మోకాళ్ళ నొప్పీ ఆమెకు తెలిసినవే. ఇంకా తీరనివి కూడా చెప్పి, వాటి మధ్య మీకు దొరికిన ధైర్యం చెప్పండి. రాశాక "రక్షింపబడ్డాను", "లోకస్థులు", "అన్యులు" లాంటి సంఘం లోపలి మాటలు కొట్టేసి, ఇంట్లో మాట్లాడే తెలుగు పెట్టండి. తెలియని ప్రశ్న వస్తే తెలియదనండి. యోహాను 9లో చూపు పొందినవాడు "ఆయన ఎక్కడ?" అంటే తెలియదన్నాడు, తనకు జరిగినది మాత్రం గట్టిగా చెప్పాడు.

వాళ్ళ దేవుళ్ళ మీద ఒక్క మాట కూడా వద్దు. ఎఫెసులో అల్లరి లేచినప్పుడు, వీళ్ళు మన దేవతను దూషించలేదని పౌలు సహచరుల తరఫున చెప్పింది అక్కడి కరణమే, సంఘస్థుడు కాడు. మీ గురించి మీ అపార్ట్‌మెంట్ సెక్రటరీ అలా చెప్పగలగాలి. నీళ్ళ ట్యాంకరు, మెయింటెనెన్సు కోసం పెట్టుకున్న వాట్సాప్ గ్రూపులో వాక్యాలు పంపుతుంటే ఈ రోజే ఆపేయండి. వేసవి సెలవుల్లో చర్చి పిల్లలకు నడిపే బైబిలు తరగతులకు (వి.బి.ఎస్.) వాళ్ళ పిల్లల్ని తీసుకెళ్ళాలంటే తల్లినీ తండ్రినీ ఇద్దర్నీ అడగాలి, అక్కడ పాటలూ ప్రార్థనా ఉంటాయని ముందే చెప్పాలి.

జబ్బు మనిషి దగ్గర ఇంకా జాగ్రత్త కావాలి. "మామగారి కోసం ప్రార్థన చేయనా? ఇక్కడ చేయమంటారా, మా ఇంట్లో చేసుకోనా?" అని అడగండి. ఇంట్లో చేసుకోమంటే నిజంగా చేయండి, మళ్ళీ గుర్తుచేయకండి. ఇక్కడే చేయమంటే ఆయన పేరు చెప్పి, నెమ్మదైన గొంతుతో ఒక్క నిమిషం చాలు. నూనె, తల మీద చెయ్యి వాళ్ళు కోరితేనే. మందులు, ఫిజియోథెరపీ మానమనే మాట మీ నోట రాకూడదు. కోలుకున్నా "చూశారా" అనొద్దు. స్వస్థతను మతానికి ముడిపెడితే, తగ్గకపోయిన రోజున ఆ నింద మీ ప్రభువు మీదే పడుతుంది.

చట్టం సంగతి కూడా తెలుసుకోండి. రాజ్యాంగం 25వ అధికరణం మతాన్ని ప్రచారం చేసుకునే హక్కు ఇస్తోంది. ఇంకొకరిని మతం మార్చే హక్కు అందులో లేదని 1977లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. బలవంతపు మతమార్పిడిని నిషేధించే ఒడిశా 1967 చట్టంలో దైవాగ్రహం వస్తుందని బెదిరించడం కూడా బలవంతం కిందికే వస్తుంది. మన దగ్గర అలాంటి చట్టం లేకపోయినా, ఆ గీత దాటకపోవడం విశ్వాసికి మర్యాద.

ఎప్పుడైనా ఆమె తనంతట తాను ఇంకా తెలుసుకోవాలంటే, వాడుక తెలుగులో ఉన్న మార్కు సువార్త ఇవ్వండి. 16 అధ్యాయాలే. వారానికొకటి కలిసి చదవచ్చు, అదీ ఆమె భర్తకు తెలిసి. ఇంట్లో దాచిపెట్టి చదివించడం ఆమె సంసారానికి మంచిది కాదు. బాప్తిస్మం మాట ఎవరూ తొందరపెట్టకూడదు. ఎస్సీ కుటుంబమైతే, 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా హిందూ, సిక్కు, బౌద్ధ మతస్థులకే ఉందనీ, క్రైస్తవంలోకి వచ్చినవారు మన రెండు రాష్ట్రాల్లో బీసీ-సీ కింద, 1 శాతం రిజర్వేషన్‌లోకి వస్తారనీ ముందే చెప్పడం నిజాయితీ. అది పిల్లల చదువుకు, ఉద్యోగాలకు సంబంధించిన సంగతి.

మీ సంఘం పేర్లు అడగడం నాకు నచ్చలేదు. పేరు రాసుకున్నాక పక్కింటి మనిషి లెక్కలో అంకె అయిపోతుంది, జూలైలో మీ నోటివెంట వచ్చిన తొందర మాట అక్కడి నుంచే వచ్చింది. పాస్టరు గారిని ఆరాధన అయ్యాక కాకుండా వారం మధ్యలో కలిసి, "అయ్యగారూ, ఈ నెల నేను పేరు ఇవ్వలేను. ఒకరితో సంబంధం చెడగొట్టుకున్నాను, బాగుచేసుకుంటున్నాను" అని చెప్పండి. నాటినవాడూ నీళ్ళు పోసినవాడూ ఏమీ కారు, వృద్ధి కలిగించేది దేవుడని అదే కొరింథీ పత్రిక 3వ అధ్యాయం చెబుతోంది. దేవుడికేం జవాబివ్వాలన్న మీ భయానికీ అదే జవాబు. ఒంగోలు ప్రాంతంలో 1878లో ఒక్క రోజున 2,222 మంది బాప్తిస్మం పొందారని మన సంఘాల్లో గొప్పగా చెప్పుకుంటాం. దానికి ఏళ్ళ ముందు, తోళ్ళ వ్యాపారం మీద ఊళ్ళు తిరిగే ఎర్రగుంట్ల పేరయ్య తన బంధువుల అరుగుల మీద కూర్చుని మాట్లాడిన మాటలు ఉన్నాయి.

మీవారి "మానెయ్" అన్న మాటను విశ్వాసం లేకపోవడంగా తీసుకోకండి. ఆయన భయం ఇంటి గురించి. ఎవరినైనా కూడికకు పిలిచే ముందు ఆయనతో చెబుతాననీ, ఇరుగుపొరుగు తలుపుల్లో కరపత్రాలు పెట్టననీ మాట ఇచ్చి నిలబెట్టుకోండి. బదులుగా, మామగారిని చూడటానికి ఆయన్ని మీతో పాటు రమ్మనండి. పెద్దాయనతో క్రికెట్టో రాజకీయాలో మాట్లాడుతూ ఓ పావుగంట కూర్చుంటే, ఆ ఇంటి ఆడవాళ్ళకు ఆ పావుగంట ఊపిరి తీసుకునే వీలు దొరుకుతుంది.