మౌనంగా కూర్చుంటే ప్రార్థన అవుతుందా?

ప్రశ్న: మాది బొబ్బిలి. ఆదివారం పొద్దున్న అమ్మతో బాప్టిస్టు చర్చికి వెళ్తాను. సాయంత్రం నాలుగింటికి (వాళ్లు గడియారం ముందుకు జరిపే వేసవిలో మూడింటికే) ఫోన్‌లో ఇంగ్లండ్ క్వేకర్ల (క్రైస్తవంలో పుట్టిన ఓ శాఖ) మౌన ఆరాధనలో కూర్చుంటాను. పాస్టర్ ఉండరు, పాటలుండవు. ‘కునుకు తీస్తున్నావేటే?’ అంటుంది అమ్మ. ఇన్నాళ్లయినా నేనింకా చుట్టపుచూపు మనిషినేనా అని ఒకటే టెన్షన్. సభ్యత్వం అడగొచ్చా?
– ఒక పాఠకురాలు

జవాబు: నిక్షేపంగా అడగొచ్చమ్మా. బ్రిటన్‌లో ఏరియా మీటింగ్‌కు (అంటే ఆ ప్రాంతపు క్వేకర్ల సంఘానికి) ఉత్తరం రాస్తే సాధారణంగా ఇద్దరు వచ్చి మాట్లాడతారు. అది పరీక్షేం కాదు, బాప్తిస్మమూ ఉండదు. మీరింత దూరాన ఉన్నారు కాబట్టి ఎలా కుదురుతుందో ముందు వాళ్ల క్లర్కును, అంటే సంఘం వ్యవహారాలు చూసే మనిషిని, అడగండి. 17వ శతాబ్దంలో ఈ శాఖను మొదలుపెట్టిన జార్జ్ ఫాక్స్ నాటి నుంచీ వాళ్ల నమ్మకం ఒకటే: ప్రతి మనిషిలోనూ దేవుని వెలుగుంది, మధ్యవర్తి అక్కర్లేదు.

అది సరే, ఆరాధన అవగానే ఫోన్ కట్టేస్తున్నారా? ఆ తర్వాతి కబుర్లకు ఉండండి. మీ బొబ్బిలి సంగతులు వాళ్లకు, వాళ్ల మోకాళ్ల నొప్పులు మీకు తెలియాలి. నా లెక్కలో సభ్యత్వం కాగితం దాని తర్వాతే.

ఓ వారం అమ్మను పక్కన కూర్చోబెట్టుకోండి. లోపలి నుంచి ప్రేరణ కలిగితే అక్కడ ఎవరైనా నోరు విప్పొచ్చు. ఆవిడ ఓ చరణం అందుకుంటే మ్యూట్ మాత్రం తీయండి.