నాన్న ‘ఇక వెంటిలేటర్ వద్దు’ అంటున్నారు.. ఏం చేయాలి?

ప్రశ్న: మా నాన్నకు 70 ఏళ్లు. హార్ట్ ఫెయిల్యూర్ ఉంది, ఈఎఫ్ (గుండె రక్తాన్ని పంప్ చేసే శక్తి) 25 శాతం. ఐసీడీ (గుండె లయ ప్రమాదకరంగా తప్పితే షాక్ ఇచ్చి సరిచేసే పరికరం) అమర్చారు. ఈ ఏడాది మూడుసార్లు ఆసుపత్రిలో చేర్చాం. ఈసారి వెంటిలేటర్ పెట్టించొద్దని పదే పదే అంటున్నారు. ఆ మాటెత్తితే అధైర్యపడతారని అన్నయ్య కోప్పడుతున్నాడు. ఏం చేయమంటారు?
- ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: మాటెత్తింది మీ నాన్నగారే కదమ్మా. ఆయన చెప్పేది పూర్తిగా వినండి. ఈ జబ్బులో ఆయాసం పెరిగి ఆసుపత్రికి వెళ్లడం, తేరుకుని ఇంటికి రావడం మామూలే. ఇంటికొచ్చిన ప్రతిసారీ గండం గడిచిందనుకుని ఈ మాటను వాయిదా వేస్తారు. చివరికి అర్ధరాత్రి ఐసీయూ బయట పిల్లలు సంతకం పెట్టాల్సి వస్తుంది. ఆ నరకం మీకొద్దు.

ఆయన కాస్త తెరిపిగా ఉన్న రోజు చూసి, దేనికి భయపడుతున్నారో అడగండి. చాలామందిలో ‘వద్దు’ వెనుక ఉండేది పిల్లలకయ్యే ఖర్చు గురించిన దిగులు. అదే అయితే ముందు దాని గురించి మాట్లాడాలి. ఇంకోటి, ఊపిరితిత్తుల్లో నీరు చేరినప్పుడు ముఖానికి మాస్కు బిగించి పెట్టే బైపాప్‌తో చాలామంది తేరుకుంటారు. గొంతులో గొట్టం వేసే వెంటిలేటర్ వేరు. ఆయన ఏది వద్దంటున్నారో తేల్చుకోండి.

ఐసీడీ సంగతి ఎవరూ అడగరు. చివరి గంటల్లో కూడా అది షాక్ కొట్టొచ్చు. ఆ దశ వచ్చినప్పుడు షాక్ ఇచ్చే పనిని మాత్రం ఆపించవచ్చు. కోత అక్కర్లేదు, ఛాతీపై పరికరం ఆనించి సెట్టింగ్ మారుస్తారు. ఆపినంత మాత్రాన ప్రాణం పోదు, గుండె మరీ నెమ్మదిస్తే నడిపించే పేస్‌మేకర్ పని అందులో సాగుతూనే ఉంటుంది.

ఆయన కోరికను కాగితం మీద పెట్టే వీలుంది. సుప్రీంకోర్టు 2018లో దీనికి అనుమతించి, 2023లో పద్ధతిని సులభం చేసింది. ఇద్దరు సాక్షుల ముందు సంతకం చేసి, నోటరీ లేదా గెజిటెడ్ అధికారితో ధ్రువీకరిస్తే చాలు. ఆయన తరఫున మాట్లాడేవారిగా మీతో పాటు అన్నయ్య పేరూ రాయించండి. ఆయన స్వయంగా చెప్పగలిగినంత కాలం ఆయన మాటే చెల్లుతుంది. ఎప్పుడైనా రద్దు చేసుకోవచ్చు. చెప్పలేని స్థితి వచ్చినా, ఆ కాగితాన్ని అమలు చేసే ముందు రెండు వైద్య బోర్డులు పరిశీలిస్తాయి. అన్నయ్యకు ఇది చెబితే సగం టెన్షన్ తగ్గుతుంది.

దీనర్థం వైద్యం మానేయడం కాదు. మాత్రలు, ఉప్పు తగ్గించడం, రోజూ బరువు చూడటం కొనసాగాల్సిందే. ఆయాసం మరీ బాధిస్తే తగ్గించే మందులున్నాయి, పాలియేటివ్ కేర్ (బాధ తగ్గించి ఉపశమనమిచ్చే వైద్యం) డాక్టర్ సాయం ఇప్పటి నుంచే తీసుకోవచ్చు. వచ్చే రివ్యూకు అన్నయ్యనూ వెంట తీసుకెళ్లి, ఐసీడీ గురించి మీ కార్డియాలజిస్టును అడగండి.