పెచ్చులూడే టేకు పలకలు

ప్రశ్న: మాది సిరోంచ. వరండా బయటి గోడకు టేకు పలకలు కొట్టించాం. పడమటి వైపు వార్నిష్ రెండేళ్లకే పెచ్చులుగా లేస్తోంది. దానిమీదే ఇంకో పూత వేస్తానంటున్నాడు పెయింటర్. వేయించమంటారా?

జవాబు: వద్దండీ. కింది పొర ఊడితే పైదీ దాంతోపాటే పోతుంది. వానలు వెళ్లి చెక్క బాగా ఆరాక, 80 నంబరు సాండ్‌పేపర్‌తో వార్నిష్ పోయి అసలు చెక్క కనబడేదాకా, తర్వాత 120తో, చారల వెంబడే రుద్దించండి. టేకులో సహజంగానే నూనె ఉంటుంది కాబట్టి థిన్నర్ గుడ్డతో తుడిపించి, చెక్కలోకి ఇంకే నూనె రకం వుడ్ స్టెయిన్ పలచగా పట్టించండి. పావుగంట ఆగి, చెక్కమీద మిగిలింది తుడిచెయ్యాలి, లేదంటే జిగటగా ఉండిపోతుంది. మర్నాడు రెండో పూత. పలకల కోసిన అంచులకు మూడోది కూడా. నీళ్లు ఎక్కువ తాగేది అవే. నూనె గుడ్డల్ని ఉండచుట్టి మూల పడేయకండి, వాటంతటవే అంటుకోగలవు. విడివిడిగా ఆరబయట పరచండి.